ఏడో సర్వర్‌లో ఒక చోటు

శుద్ధ పాడ్యమి

మళ్ళీ లెక్కల పక్షం వచ్చింది. ఏ మనిషికి ఏ సర్వర్‌లోకి దారి ఉందో చూసి పౌర్ణమి నాటికి పై ఆఫీసుకి చెప్పాలి. మూడు నెలలకోసారి ఈ గోల తప్పదు. నా ఉద్యోగం పేరు ప్రవేశాల పర్యవేక్షకురాలు. ఆ పేరు వింటే నడుముకి తాళంచెవుల గుత్తి వేలాడుతూ ఉంటుందనుకుంటారు కొత్తవాళ్ళు. నిజానికి నా చేతిలో ఉండేది టీ కెటిల్.

సాయంత్రం పోటు నీళ్ళు హాలు కింది స్తంభాలని తాకే వేళకి నిద్ర షిఫ్ట్ వాళ్ళు ఒక్కొక్కరే లేచారు. కింద ఉప్పునీటిలో ఉన్న సర్వర్లు పగటి ఎండకి వేడెక్కి లోపలంతా చిందరవందర చేసుకుంటాయి. రాత్రి చల్లబడితే వాటి పని అవి చూసుకోగలవు. అందుకే మావాళ్ళు పొద్దున్నే అన్నం తిని వచ్చి, కొక్కేలకి వేలాడే తమ తమ దిళ్ళు తీసుకుని చాపల మీద వాలతారు. నిద్రలో సర్వర్‌లోకి దిగి, అక్కడ చెదిరినవి సర్ది పైకి వస్తారు. లేచిన మనిషి గొంతులో ఒక్క గుక్క నీళ్ళు పడినా ఆ రోజు కలలో వివరాలు మసకబారిపోతాయి. కాబట్టి నేను కెటిల్ పట్టుకుని తలవైపు నిలబడి, ఏం చూశారో చెబితేనే టీ పోస్తాను.

కాళ్ళు మంచులా ఉన్నాయంటే మూడో సర్వర్. అది పడవల రాకపోకలది, లోపల ఎప్పుడూ వానే. చేతులకి పోపు వాసన వేస్తే ఐదోది, ఆసుపత్రులది, దాని నిండా పొయ్యిలు. ఏడోది మునిగిపోయిన ఊళ్ళది. ఎవరి ఇల్లు ఎక్కడుండేదో, ఎవరి పొలం గట్టు ఎవరిదాన్ని ఆనుకుని ఉండేదో అన్నీ అందులో ఉన్నాయి. లోపల చూడటానికి అదొక పొడవాటి బజారు, సాయంత్రం ఎండలో. వాళ్ళు చూసినదీ, వాళ్ళకున్న అనుమతీ సరిపోతే నా పని అయిపోయినట్టే.

ఈ రోజు వహీదా షిఫ్ట్ సగంలో ఉలిక్కిపడి లేచి కూర్చుంది. ఏడో సర్వర్ మనిషి. రెండో కాన్పు అయ్యాక ఈ మధ్యే మళ్ళీ పనిలో చేరింది.

“ఏమైందే?”

“ఎవరో చెయ్యి పట్టుకుని బయటికి పంపేసినట్టయింది శేషక్కా. గట్టిగా కూడా కాదు. ఇంక నువ్వెళ్ళమ్మా అన్నట్టు.”

“చంటిది తలపుకొచ్చిందేమో.”

“అది మెలకువలో గుర్తొచ్చేది చాల్లేదా? నిద్రలో కూడా వస్తే నేనేమైపోవాలి?”

నవ్వి టీ పోశాను. పెద్దగా పట్టించుకోలేదు.

శుద్ధ తదియ

నిన్నా ఇవాళా కూడా వహీదా మధ్యలోనే లేచింది. ఇవాళ ఏడ్చింది. నిద్ర నిలవనివాళ్ళని పై ఆఫీసు ఎక్కువకాలం పనిలో ఉంచదని దానికి తెలుసు. వాళ్ళాయన పడవ కట్టేసి సగం రోజులు ఒడ్డునే కూర్చుంటాడు, ఇల్లు నడిచేది దీని నిద్ర మీదే.

మా హాలు అధికారి పరంజ్యోతి గారు ఏ కాలమైనా మెడకి మఫ్లర్ చుట్టుకునే ఉంటారు. ఆయన లోపలి రద్దీ చూపే ఏడో సర్వర్ గోడ గడియారం వైపు చూసి నాలుక చప్పరించారు.

“లోపల ఒకళ్ళు ఎక్కువున్నారు శేషూ.”

“ఎక్కువెలా ఉంటారండీ? అన్ని చోట్లకీ పేర్లు సరిపోయాయి.”

“సరిపోయాయి కాబట్టే చెబుతున్నాను. రెండేళ్ళుగా ఏదో ఒక చోటు ఖాళీగానే ఉండేది, వహీదా తిరిగి వచ్చేదాకా. ఇప్పుడు నిండింది. పైనించి ఇంకొకళ్ళు దిగితే, అందరిలోకీ ఎవరి నిద్ర పల్చగా ఉందో వాళ్ళని లేపేస్తుంది సర్వర్. బస్సు కాదు కదా, నిలబడి పోవడానికి.”

చంటిపిల్ల తల్లి నిద్ర కంటే పల్చనిది ఇంకేముంటుంది? పాపం, పిచ్చిది తనలోనే ఏదో లోపం ఉందనుకుంటోంది.

షిఫ్ట్ అయ్యాక రాత్రిదాకా దిళ్ళు విప్పుతూ కూర్చున్నాను. మా దగ్గర దారి ఉండేది దూదిలో. ఏ సర్వర్ పక్కనుంచి తోడిన నీళ్ళలో దూది నానబెట్టి ఎండిస్తే ఆ సర్వర్‌లోకి దారి ఏర్పడుతుంది. ఒక దిండు నింపేంత దూది ఉండాలి, అంతకు తక్కువైతే మామూలు నిద్రే. మనిషి మానేసినా మారినా ఆ దూదిని మంచినీళ్ళలో ఉతికేస్తాం. అప్పుడు దారితోపాటు అతను లోపల చూసినవన్నీ కూడా లోపలే ఉండిపోతాయి, బయట ఏమీ గుర్తుండదు. మళ్ళీ ఎప్పుడైనా చోటు దొరికి దిగితే, మెట్టు మీద కాలు పెట్టగానే అన్నీ తిరిగొస్తాయి. నాకు అన్ని సర్వర్లకీ అనుమతి ఉంది కాబట్టి నా దిండుకి ఒక్కోటీ ఒక దిండంత దూది పట్టే అరలు కుట్టి ఉంటాయి. తల పెడితే పనసకాయ మీద పెట్టినట్టుంటుంది.

ఒక్కో దిండూ వాసన చూశాను, దూది నాలుక మీద వేసుకుని ఉప్పు చూశాను. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఉండకూడని దిండు ఈ హాల్లో ఒక్కటీ లేదు.

శుద్ధ పంచమి

నాకు చెప్పనలవి కాని కోపంగా ఉంది, నవ్వూ వస్తోంది.

ఏడో సర్వర్ వాళ్ళందరినీ ఇవాళ వరసగా కూర్చోబెట్టి, లోపల కొత్తవాళ్ళెవరైనా కనిపించారా అని అడిగాను. ఎవరూ లేరన్నారు. పోనీ బజారులో ఎవరెవరు ఉన్నారో మొదటినించి చెప్పండర్రా అన్నాను. వహీదా వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చింది. మలుపు దగ్గర ఫలానా వాళ్ళు, నిచ్చెన ఎక్కి ఫలానా వాళ్ళు, పసుపు తలుపుల కొట్టు అరుగు మీద మాణిక్యక్క.

“ఎవరూ?”

“మాణిక్యక్క. ఎప్పుడూ కూర్చునే చోటే. నేను లేచిపోయే ముందే వచ్చింది.”

“మాణిక్యక్క రిటైరై రెండేళ్ళయిందే!”

వహీదా మడిచిన వేలు మళ్ళీ విప్పింది. మిగతావాళ్ళూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. రోజూ అందరూ ఆవిణ్ణి చూస్తున్నారు, పలకరిస్తున్నారు, ఆవిడ విసిరే జోకులకి నవ్వుతున్నారు. ఒక్కరికీ ఇదేమిటి అనిపించలేదు. కలలో ఉన్నప్పుడు వింత అనిపించదు, లేచాక నా టీ కోసం ఆత్రంలో వింతని ఎవరూ వెతుక్కోరు. కొత్తవాళ్ళని చూశారా అని ఇన్నాళ్ళూ అడిగింది నేనే, పాతవాళ్ళ సంగతి అడగలేదు.

ఇంతకీ నేనెందుకు చూడలేదంటే, రెండేళ్ళుగా నేను ఏడోదాంట్లోకి దిగలేదు. విన్నది చాలని సరిపెట్టుకున్నాను. ఆవిడ లేని ఆ అరుగు చూడబుద్ధి కాలేదు, అంతే.

శుద్ధ సప్తమి

ఈ రోజు నేనే దిగాను.

దిండులో ఏడో అర కుడి చెంప కిందకి వచ్చేలా పడుకోవాలి. కాసేపు స్తంభాల కింద నీటి చప్పుడు వినిపించింది, తరవాత అది జనం మాటల్లా మారింది, తరవాత నేను బజారులో నడుస్తున్నాను. అక్కడ ఎండ ఎప్పుడూ ఒకేలా, ఆరబోసిన ధాన్యం రంగులో ఉంటుంది. రెండు వైపులా చెక్క తలుపుల కొట్లు. ఒక్కో కొట్టూ ఒక్కో మునిగిన ఊరు. తలుపు తీస్తే లోపల ఇళ్ళు గూళ్ళల్లో పేర్చి ఉంటాయి, ఒక్కోటీ అరచేతిలో పట్టేంత, పెంకులతో, దడులతో, కొన్నింట్లో ఇంకా దీపాలు వెలుగుతూ. వేడికి అవి ఒకదాని గూట్లోకి ఒకటి దొర్లుతుంటాయి. వాటిని తీసి ఎక్కడివక్కడ పెట్టడమే పని. గాలికి ఎగిరే చిన్న చిన్న చెరుకు తోటలని పట్టుకోవాలంటే మాత్రం పరిగెత్తాలి.

పసుపు తలుపుల కొట్టు అరుగు మీద మాణిక్యక్క కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని ఉంది. ఒళ్ళో ఎవరిదో డాబా ఇల్లు పెట్టుకుని కొంగుతో తుడుస్తోంది.

“ఇన్నాళ్ళకి తీరిందిటే నీకు?” అంది తలెత్తకుండానే. “టీలు పోసి పోసి చెయ్యి పడిపోయిందేమో అనుకున్నా.”

 వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఇంత రాయడం అవసరమా అంటే, అవసరమే. మా ఆయన వేటకెళ్ళిన పడవ తిరిగి రాని ఏడాది నేను బయట ఎవరి ఎదుటా ఏడవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళకి నేనే కాఫీ కలిపి ఇచ్చాను. రోజూ షిఫ్ట్‌లో మాత్రం ఈ అరుగు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చేదాన్ని. మాణిక్యక్క ఊరుకోబెట్టేది కాదు. నా ఒళ్ళో ఒక ఇల్లు పెట్టి, “ఏడుస్తూనే తుడువు, దుమ్ము తేలిగ్గా పోద్ది” అనేది. అలా ఎన్ని ఊళ్ళు తుడిచానో. ఒకనాడు తుడుస్తూ తుడుస్తూ ఏదో మాటకి నవ్వాను. ఆవిడ మళ్ళీ నవ్వుతానేమో అని నా మొహంలోకి చూసి, తనూ నవ్వేసింది. పైకి లేచాక మేమిద్దరం ఎప్పుడూ ఈ మాటలు ఎత్తుకోలేదు. పైన ఆవిడ నాకు నాలుగు చాపల అవతల పడుకుని గురక పెట్టే పెద్దావిడ, అంతే. మా స్నేహమంతా కిందే జరిగింది.

“అక్కా, నువ్విక్కడికి ఎలా వస్తున్నావు?”

“మధ్యాహ్నం అన్నం తిని అలా ఒరుగుతాను. అంతే, ఇక్కడుంటాను. పైన నేనెవరో నాకే తెలియట్లేదే శేషూ. ఇక్కడికొస్తే తెలుస్తోంది.”

అంత మామూలుగా చెప్పింది, ఇల్లు తుడుస్తూనే.

శుద్ధ నవమి

పడవ మాట్లాడుకుని దక్షిణం వాడకి వెళ్ళాను. మాణిక్యాంబ గారు అక్కడ చెల్లెలు హైమావతి గారింట్లో ఉంటున్నారు. హైమావతి గారు వాకిట్లో వల ఆరేస్తూ నన్ను చూసి, “ఆఫీసు అమ్మాయివా? రా తల్లీ, జాగ్రత్త, మెట్టు జారుద్ది” అన్నారు.

లోపల మాణిక్యక్క కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. సగానికి సగం చిక్కిపోయింది. ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి.

“ఎవరొచ్చారు?” అని చెల్లెల్ని అడిగింది.

“నీతో పనిచేసిన అమ్మాయే అక్కయ్యా.”

“నేనెక్కడ పనిచేశాను?”

నేను పేరు చెప్పాను. మర్యాదగా తల ఊపింది, కొత్తవాళ్ళకి ఊపినట్టు. కాసేపటికి చెల్లెల్ని కూడా మీరెవరండీ అని అడిగింది. హైమావతి గారికి అలవాటైపోయినట్టుంది, “వంటావిణ్ణి లెండి” అని ఆవిడ చేతికి మజ్జిగ గ్లాసు అందించి నా వైపు తిరిగారు.

“ఏడాదిగా మతిమరుపు ముదిరిందమ్మా, పొద్దున్నించీ ఇలాగే ఉంటది. మధ్యాహ్నం ఒక కునుకు తీసి లేచిందంటే మాత్రం వేరే మనిషి. ఒక గంట నన్ను పేరు పెట్టి పిలుస్తుంది, కూరలో ఉప్పెక్కువైందని దెబ్బలాడుతుంది. ఆ గంట కోసమే నేను రోజంతా లాక్కొస్తున్నా.”

“ఏ దిండు మీద పడుకుంటారు?”

అడిగేటప్పటికే నాకు జవాబు తెలిసిపోయింది. మంచం మీద ఉంది, ఎర్ర పూల గుడ్డది. నా చేత్తోనే దాని అంచు కుట్టాను.

మా హాల్లో ఒక ఆచారం ఉంది, ఏ రూల్స్‌లోనూ లేనిది. ఎవరైనా కొత్తగా చేరితే వాళ్ళ దిండులోకి పాతవాళ్ళు తలో చిటికెడు దూది తీసి వేస్తారు. మా నిద్ర నీకూ పట్టాలి అని. చిటికెడుతో దారి ఏర్పడదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు, పరంజ్యోతి గారే మొదటి చిటికెడు వేస్తారు. మాణిక్యక్క రిటైరైన రోజు ఆవిడ దూదిని పద్ధతి ప్రకారం నేనే ఉతికాను. ఆ సాయంత్రం వీడ్కోలుకి ఏమిద్దామా అనుకుని, ఆచారాన్ని తిరగేసి ఆవిడకో దిండు చేశాం. ఏడో సర్వర్ వాళ్ళందరం తలో చిటికెడు. చిటికెడేగా అని ఎవరికివాళ్ళం అనుకున్నాం. కొంతమంది ప్రేమకొద్దీ గుప్పెడు తీసి ఉంటారు. చిటికెళ్ళూ గుప్పెళ్ళూ కలిసి దిండు నిండిందని, నిండిన దిండు దారే అవుతుందని ప్రవేశాల పర్యవేక్షకురాలికి తట్టలేదు!

నేను ఆ దిండు తీసుకురాలేదు. తీసుకురావడానికే వెళ్ళాను.

శుద్ధ ఏకాదశి

పరంజ్యోతి గారికి అంతా చెప్పేశాను. ఆయన మఫ్లర్ విప్పి మడిచి, మళ్ళీ చుట్టుకున్నారు.

“నేనూ వేశానుగా చిటికెడు,” అన్నారు చివరికి.

“మీది గుప్పెడండీ, ఏడోదాని నిల్వ బస్తాలోంచి. నేను చూశాను.”

“తెలిసి ఊరుకుంటే పౌర్ణమి తనిఖీలో ఏడోదాని తలుపే మూసేస్తారు. వహీదా ఒక్కతే కాదు, అందరూ పోతారు. ఆ దిండు ఉతకాలి శేషూ.”

“ఉతికితే ఆవిడకి ఆ గంట కూడా ఉండదు.”

“నాకు మాత్రం బాగుంటుందా?” అని ఆయన కసిరారు. ఆయన కసిరితే లోపల ఏడుస్తున్నారని అర్థం, పదేళ్ళుగా చూస్తున్నాను.

ఆ తరవాత ఇద్దరం కూర్చుని నిబంధనలన్నీ తిరగేశాం. రిటైరైన వాళ్ళకి చోటు ఇవ్వకూడదని ఎక్కడా లేదు. కొత్త చోట్లు సృష్టించకూడదని మాత్రం ఉంది. పనిలో ఉన్న మనిషి తన చోటు వదులుకుంటే, దాన్ని ఎవరికివ్వాలో చెప్పే హక్కు ఆ మనిషిదే. పూర్వం కాన్పులకెళ్ళే ఆడవాళ్ళు తమ చోటు చెల్లెళ్ళకి ఇచ్చి వెళ్ళడానికని పెట్టిన రూలట. ఎవరూ వాడక దుమ్ము పట్టి ఉంది.

“అంటే ఎవరో ఒకరు లేవాలి,” అన్నారాయన, నా వైపు చూడకుండా.

శుద్ధ త్రయోదశి

వహీదా విననే విన్నది. ఈ హాల్లో చెక్క గోడలు, ఏదీ దాగదు.

“నేను లేస్తాలే అక్కా. ఎలాగూ నా నిద్ర నిలవట్లేదు. మూడోదాంట్లో వేయించు, వానలో తడుస్తా.”

“మూడోది నిండిపోయింది. ఐదోది కూడా. లేస్తే నువ్వు ఇంటికే వెళ్ళాలి. పిల్లలకేం పెడతావు, నీ త్యాగమా?”

ముక్కు ఎగబీల్చి తన దిండు కొక్కేనికి తగిలించింది. మిగతావాళ్ళకీ అంతే. ఏడోది తప్ప మరో దారి లేనివాళ్ళే అందరూ. అక్కడ చోటుండి, అది లేకపోయినా జీతం ఆగని మనిషిని నేనొక్కదాన్నే. నేను దిగినా దిగకపోయినా ఆ సర్వర్ నా చోటు నాకోసం అట్టే పెడుతుంది. రెండేళ్ళు అది వృథాగా ఉంది కూడా.

ఇంత తేలిక లెక్కకి నాకు ఇన్ని రోజులు ఎందుకు పట్టిందో నాకు తెలుసు. నాకు భయం వేస్తోంది. మా ఆయన పోవడం పైన జరిగింది, అది పోదు, అది నాతోనే ఉంటుంది. దాన్ని మోయడం నేర్చుకున్నది మాత్రం కింద. ఆ అరుగూ, ఆ ఎండా, ఒళ్ళో పెట్టిన ఇళ్ళూ పోతే నా దగ్గర మిగిలేది ఉత్త పడవ రాకపోవడమే. మళ్ళీ మొదటి రోజులా ఉంటుందేమో. పరంజ్యోతి గారిని అడిగితే, అలా ఎవరికి ఎలా ఉంటుందో చెప్పలేం అన్నారు. నిజం చెప్పే మనిషితో ఇదే తంటా.

చతుర్దశి

చివరిసారి దిగాను. ఆ వేళకి వహీదా నిద్ర చెడకుండా దాన్ని ముందే లేపి ఇంటికి పంపాను.

బజారులో ఇవాళ గాలి బాగా ఉంది. ఎవరి కొబ్బరితోటో గూట్లోంచి లేచి మా తలల మీదుగా ఎగురుతూ పోయింది, దాని నీడలు మాత్రం కాసేపు నేల మీద ఆగి, తరవాత అవీ లేచి వెళ్ళాయి. మాణిక్యక్క కొంచెం జరిగి చోటిచ్చింది. అంతా చెప్పాను. వింటున్నంతసేపూ ఆవిడ చేతిలో ఇల్లు తుడవడం ఆపింది. ఆపడం నేను మొదటిసారి చూశాను.

“వద్దే. నా ముసలి ప్రాణానికి ఇదేం అక్కర? ఉతికేయ్.”

“ఉతకను.”

“నీ మొండితనం తగలెయ్య. రేపట్నించి నేను నీకు ఎవరో దోవన పోయేదాన్ని. తెలుస్తోందా?”

“పైన నేను నీకు ఇప్పుడే అలా ఉన్నాను కదా. మొన్న వచ్చి చూశాను. మీ చెల్లెలు ఓర్చుకుంటోంది, నేనూ ఓర్చుకుంటాలే.”

ఆవిడకి ఆ సంగతి తెలియదు, నేను వచ్చినట్టే తెలియదు. నా చెయ్యి తీసుకుని చాలాసేపు అలాగే పట్టుకుంది. ఇక్కడ ఆవిడ చేతులు ఒకదాన్నొకటి వెతుక్కోవు.

“మీ ఆయన సంగతి వస్తే ఏం చేస్తావు, పైన?”

“తెలియదక్కా.”

“ఏదో ఒకటి ఒళ్ళో పెట్టుకో. బియ్యం చేటో, ఉతికిన బట్టలో. చేతులు ఊరికే ఉంచకు. ఏడుపుకేముంది, పని చూసుకుంటూ ఉంటే దాని దారిన అది పోద్ది.” ఆగి, “రాసుకో ఇది, పైకెళ్ళగానే. టీ తాగే ముందు,” అంది.

రాశాను. ఇంకా టీ తాగలేదు. గొంతు ఎండిపోయి ఉంది, కెటిల్ పక్కనే ఉంది, అయినా తాగబుద్ధి కావడం లేదు. ఆవిడంటే నాకు చాలా ఇష్టం. ఎప్పుడూ ఈ మాట చెప్పలేదు, ఇవాళ కూడా చెప్పకుండానే వచ్చేశాను.

పౌర్ణమి

పై ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి తనిఖీ చేశారు. చోట్లూ మనుషులూ సరిపోయాయి. ఏడో సర్వర్‌లో నా చోటు మాణిక్యాంబ గారి పేరు మీదికి మారింది. అనుమతి ఎందుకు అని అడిగినచోట, ఆవిడ అక్కడ ఉండటానికి అని రాశాను. ఆ ఇద్దరిలో చిన్నాయన దాన్ని రెండుసార్లు చదివి ఏదో అనబోయాడు. పరంజ్యోతి గారు గట్టిగా దగ్గి ఆయన ముందుకి కాజాల పళ్ళెం తోశారు.

వాళ్ళ ఎదుటే నా దిండు ఏడో అర విప్పి, దూది మంచినీళ్ళ తొట్టిలో వేశాను. తేలుతోంది. అరచేత్తో కిందికి అదమాలి. ఇదొక్కటి రాసి వెళ్ళి

బహుళ తదియ

పై మాట సగంలో ఎందుకు ఆగిందో నాకు తెలియదు. చెయ్యి తడి అయినట్టుంది, కాగితం మీద మరక ఉంది.

వహీదా నిద్ర నిలబడింది. మూడు రోజులుగా షిఫ్ట్ పూర్తయ్యాకే లేస్తోంది. ఏడో సర్వర్ సంగతులు ఇక అది చెబితే వింటున్నాను. లోపల ఒక బజారు ఉందట, ఎండ బాగుంటుందట. వింటూ ఉంటే ఎవరో తమ పెళ్ళి ముచ్చట్లు చెబుతున్నట్టుంది. బాగానే ఉంటుంది, నాది కాదు.

వెనక పుటలన్నీ చదివాను. నా దస్తూరీయే. అబద్ధం రాసేదాన్ని కాదు కాబట్టి నమ్ముతున్నాను. మాణిక్యాంబ గారంటే నాకు గుర్తున్నది నాలుగు చాపల అవతల గురక పెట్టే ఒక పెద్దావిడ, దుప్పటి మడతపెట్టడానికి అందరికన్నా ఎక్కువసేపు తీసుకునేది. దక్షిణం వాడలో కుర్చీలో కూర్చుని మీరెవరండీ అన్నది కూడా గుర్తుంది. అయ్యో పాపం అనిపించింది, ఎవరిని చూసినా అనిపించేంత.

మా ఆయన పోయిన ఏడాది గుర్తుంది. దాని తరవాతి ఏడాది నేను మామూలుగా తిరుగుతూ ఉండటం గుర్తుంది. మొదటిది రెండోదిగా ఎలా మారిందో గుర్తులేదు. నిన్న సాయంత్రం అది తలుచుకుంటే ఉన్నట్టుండి మళ్ళీ మొదటి రోజులా అయింది. పుటలో రాసి ఉంది కదా అని చేటలో బియ్యం పోసుకుని కూర్చున్నాను. రాళ్ళు ఏరుతూ ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను. బియ్యం అయిపోతే మళ్ళీ పోసుకున్నాను. అప్పుడు కొంచెం తగ్గింది.

ఇవాళ హైమావతి గారు వచ్చారు. మినప సున్నుండలు తెచ్చారు. వాళ్ళక్కయ్య మధ్యాహ్నం నిద్ర లేచి, ఆఫీసులో శేషు ఉంటుంది, దానికి చేసి తీసుకెళ్ళు అని ఒకటే గొడవ పెట్టిందట. మరి శేషు ఎవరక్కయ్యా అంటే, అప్పటికే గంట దాటిపోయి, తెలియదే అందట. ఆవిడ అది చెప్పి నవ్వారు, నేనూ నవ్వాను. 

ఆవిడ వెళ్ళాక పరంజ్యోతి గారు నా బల్ల దగ్గరికొచ్చి, ఉండలోంచి ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని, “ఎప్పటికైనా ఆ చోటు ఖాళీ అయితే నీదే శేషూ. ఆ వేళ దిగావంటే అన్నీ తిరిగొస్తాయి,” అన్నారు ఓదార్పుగా.

ఆ చోటు ఖాళీ కావడమంటే ఏమిటో ఆయన ఆలోచించలేదు. నేను ఆలోచించాను. ఆవిడ నాకు ఎవరో నాకు మళ్ళీ తెలిసే రోజు, ఆవిడ ఉండని రోజు. నాకు సరిగా పరిచయం కూడా లేని ఒక పెద్దావిడ కోసం ఇవాళ నేను మనసారా దణ్ణం పెట్టుకున్నాను. నాకు ఆవిడ ఎప్పటికీ గుర్తు రాకూడదని.